స్లాబ్ కురుస్తోందా? అతుకు ఎప్పుడు.. మార్పు ఎప్పుడు?

2022 జులై. పొద్దున పదిన్నరకి స్టాండప్ కాల్. నా వంతొచ్చింది. మైక్ ఆన్ చేసి ‘నిన్నటి టికెట్ క్లోజ్ చేశా’ అంటుంటే కీబోర్డ్ మీద ఓ చుక్క పడింది. పైకి చూశా. సీలింగ్ మీద చపాతీ అంత మరక. దాని మధ్యలోంచి ఇంకో చుక్క తయారవుతోంది. లాప్‌టాప్ పక్కకు జరిపి, వంటింట్లోంచి గిన్నె తెచ్చి పెట్టా. టీమ్‌లో ఒకడు ‘ఏంట్రా ఆ టప్ టప్ సౌండు’ అనడిగాడు. ‘నెట్‌వర్క్ ఇష్యూ’ అన్నా.

కొండాపూర్‌లో ఫ్లాట్ కొని అప్పటికి నాలుగు నెలలే. పాత బిల్డింగ్, 2006లో కట్టింది. స్టిల్ట్ మీద అయిదంతస్తులు, పది ఫ్లాట్లు. నాది అయిదో అంతస్తు. రీసేల్‌లో టాప్ ఫ్లోర్ కాస్త తక్కువకొచ్చింది. ఆఫీసుకి బైక్ మీద పదిహేను నిమిషాలు. బాపు రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కొంత ఇచ్చాడు, మిగతాది హోమ్‌లోన్. టాప్ ఫ్లోర్ ఎందుకు తక్కువకొచ్చిందో ఆ రోజు అర్థమైంది.

మన ఐటీ కారిడార్‌లో గాజు టవర్ల వెనక సందుల్లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు బోలెడు. 2000 తర్వాత హైటెక్ సిటీ చుట్టూ మాదాపూర్, కొండాపూర్, మియాపూర్ పెరిగిన స్పీడులో కట్టినవి. వాటికి ఇప్పుడు ఇరవై ఏళ్లు వస్తున్నాయి. మనలో చాలామంది వాటిల్లో అద్దెకుంటున్నాం, లేదా ఈఎంఐ కడుతున్నాం. అందుకే ఈ వారం కోడ్ సంగతి పక్కనపెట్టి నెత్తి మీది స్లాబ్ గురించి రాస్తున్నా. నేను మూడేళ్లు చేసిన తప్పులు మీరు చెయ్యొద్దని.

మూడు అతుకులు.. లక్షా వెయ్యి

మొదటి ఏడాది యాప్‌లో వెతికి ఒకతన్ని పిలిచా. పైకెళ్లి అయిదు నిమిషాల్లో దిగొచ్చి ‘సార్, కోటింగ్ వేస్తే అయిపోతది’ అన్నాడు. నా బెడ్‌రూమ్ పైన ఉన్న భాగం వరకే తెల్లటి రంగులాంటిది రెండు కోట్లు వేశాడు. 24 వేలు. డాబా ఊడ్చాడే తప్ప కడగలేదు. కింది నాచు కిందే ఉంది. ఆ ఏడాది మిగతా వానలు తట్టుకుంది. ‘చూశావా, ఎంత ఈజీనో’ అని అమ్మకి ఫోన్లో గొప్పలు కూడా చెప్పా.

2023 జులైలో వారం రోజులు వదలకుండా పడ్డ వానకి ఆ తెల్లటి పొర పొట్టులా లేచింది. ఈసారి ఇంకొకతను. పగుళ్లు వెడల్పు చేసి ఏదో నింపి, పైన మళ్లీ కోటింగ్. 31 వేలు. నీళ్లు పడే చోటు మాత్రం మారింది. బెడ్‌రూమ్ మూల నుంచి ఫ్యాన్ దగ్గరికి వచ్చింది.

మూడోది అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని. మరకలు చూడలేక పుట్టీ పెట్టించి, కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించా. ఎల్‌ఈడీ లైట్లతో సహా 46 వేలు. వీడియో కాల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ అదిరిపోయింది. ఆఫీసులో ఎవడైనా ఎర్రర్‌ని ఫిక్స్ చేయకుండా లాగ్స్‌ ఆఫ్ చేస్తే కోడ్ రివ్యూలో ఉతికేస్తా. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే. స్లాబ్ ఏం చెప్తోందో కనబడకుండా మూతేశా.

మొత్తం లక్షా వెయ్యి రూపాయలు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ రాత్రి

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. ఖమ్మం మునిగిన వాన అది. హైదరాబాద్‌లోనూ దంచికొట్టింది. అమ్మ కంటి చెకప్ కోసం కరీంనగర్ నుంచి వచ్చి ఉంది. నా బెడ్‌రూమ్ తనకిచ్చి నేను హాల్లో పడుకున్నా. తెల్లవారుజామున అమ్మ టీ పెట్టుకుందామని లేచి వంటింట్లోకి వెళ్లింది. అప్పుడు పెద్ద చప్పుడు. పరుగెత్తి వెళ్లి చూస్తే ఫాల్స్ సీలింగ్‌కి బొక్క పడింది. దాని కింద దిండు మీద, దుప్పటి మీద కాంక్రీటు పెచ్చులు. ఒకటి నా అరచేయంత వెడల్పు, రెండు వేళ్ల మందం. పైన బొక్కలోంచి చూస్తే ఎర్రగా తుప్పుపట్టిన సలాకలు.

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘కొడుకా, మన పాత పెంకుటిల్లే నయముండె కదరా. కురిస్తే కురిసెగాని మీద పడకపాయె’ అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనీయలేదు. మా ఊళ్లో గూన పెంకల ఇల్లు ఉండేది. కోతులు దుంకి పెంకలు పగలగొట్టేవి. ప్రతి మే నెలలో బాపు మనిషిని పిలిచి పగిలినవి తీయించి, కొత్తవి సర్దించేవాడు. పెంకు పగిలితే లోపలి నుంచి వెలుతురు కనిపిస్తుంది. ఏది మార్చాలో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. స్లాబ్ అలా కాదు. అది తన రోగం లోపల దాచుకుంటుంది.

నీళ్లు పడే చోటు వేరు, వచ్చే చోటు వేరు

ఈసారి యాప్ తెరవలేదు. మా ఆఫీసు పక్కన టవర్ పనిలో ఉన్న పాలమూరు మేస్త్రీ ఒకాయన్ని బతిమాలి ఆదివారం తీసుకొచ్చా. పెద్దాయన. వచ్చీ రాగానే నా బెడ్‌రూమ్ చూడలేదు. నేరుగా డాబా ఎక్కాడు. చెప్పులు విడిచి, సుత్తి పిడితో నేల మీద కొడుతూ గంటసేపు తిరిగాడు. కొన్ని చోట్ల ‘టక్ టక్’. కొన్ని చోట్ల ‘డబ్ డబ్’ మని ఖాళీ డబ్బా చప్పుడు.

‘సారూ, డబ్బుడబ్బుమన్న కాడ కింద పొర విడిచింది. దాని మీద నువ్వు బంగారం పూసినా ఆగది’ అన్నాడు.

తర్వాత చూపించినవి ఇవి. ఒకటి, వాన నీళ్లు దిగే గొట్టం మూతి. అది నేల కంటే అంగుళం ఎత్తులో ఉంది. మొదటిసారి కోటింగ్ వేసినవాళ్లు, రెండోసారి వేసినవాళ్లు కలిసి దాని చుట్టూ గట్టు కట్టేశారు. అంటే వాన పడ్డాక నీళ్లు దిగకుండా డాబా మీదే నిలుస్తున్నాయి. రెండు, పిట్టగోడ స్లాబ్‌ని తాకే మూల. అక్కడ పొడుగునా సన్నటి పగులు. మూడు, సోలార్ హీటర్ కాళ్లకి, పాత డిష్ యాంటెనాలకి దించిన బోల్టులు. యాంటెనాలు పోయి ఏళ్లయింది, బోల్టు రంధ్రాలు మాత్రం నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. నాలుగు, వాటర్ ట్యాంక్ నుంచి దిగే పైపు స్లాబ్‌లోకి దూరే చోటు.

నా బెడ్‌రూమ్‌లో పడే నీళ్లు ఇరవై అడుగుల అవతల పిట్టగోడ మూలలో దిగుతున్నాయి. పై పొరకి, స్లాబ్‌కి మధ్య ఖాళీలో పాకుతూ వచ్చి, దొరికిన పగుల్లోంచి కిందికి జారుతున్నాయి. నేను మాత్రం మూడేళ్లుగా చుక్క పడ్డ చోటికి నిలువునా పైన రంగు పూయిస్తున్నా.

దీన్ని తేల్చుకోవడానికి ఓ పాత పరీక్ష ఉంది. గొట్టం మూతి మూసి, చుట్టూ మట్టితోనో సిమెంటుతోనో చిన్న గట్టు కట్టి, ఒక్కో భాగంలో అంగుళం ఎత్తు నీళ్లు ఓ రోజు నిలబెట్టడం. కింద ఎక్కడ చెమ్మ వస్తోందో చూడటం. ఒక్క జాగ్రత్త: వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే దాదాపు 2,360 కిలోలు. పెచ్చులూడిన స్లాబ్ మీద డాబా మొత్తం ఒకేసారి నింపేస్తే ప్రమాదం. అలాంటి చోట ఇంజినీర్‌ని అడగకుండా ఈ పరీక్ష చేయించొద్దు.

స్లాబ్ లోపల జరిగేది

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. సివిల్ వాళ్లని హాస్టల్లో ఏడిపించిన పాపం ఇప్పుడు తీర్చుకున్నా. ఓ స్ట్రక్చరల్ ఇంజినీర్ మేడమ్‌కి ఫీజు కట్టి పిలిపించాం. ఆవిడ చెప్పింది నా భాషలో చెప్తా.

కాంక్రీటు క్షార గుణం ఉన్న పదార్థం. కొత్తగా ఉన్నప్పుడు దాని పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ వాతావరణంలో ఇనుప సలాక మీద సన్నటి రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టదు. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి పాకి ఆ క్షార గుణాన్ని తగ్గిస్తుంది. అది సలాక దాకా చేరిన రోజు రక్షణ పోతుంది. దానికి నీళ్లు తోడైతే తుప్పు మొదలు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రెండింతల నుంచి ఆరింతల వరకు. లోపల అది ఉబ్బుతుంటే కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది.

సలాక మీద కాంక్రీటు ఎంత మందం ఉందన్నది అందుకే ప్రాణం. స్లాబుల్లో ఇది మామూలుగా 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. మా స్లాబ్‌లో కొన్నిచోట్ల చిటికెన వేలి గోరంత కూడా లేదు. కట్టేటప్పుడు సలాకల కింద పెట్టే చిన్న సిమెంటు బిళ్లలు సరిగా పెట్టలేదన్నమాట. ఆ రోజు అయిదు నిమిషాల బద్ధకం, ఇరవై ఏళ్లకి అమ్మ దిండు మీద పడింది.

ఇది తెలిశాక ఒక సంగతి అర్థమవుతుంది. కింద నుంచి పుట్టీ, రంగు, ఫాల్స్ సీలింగ్ వేస్తే నీళ్లు ఆగవు. తుప్పు ఆగదు. మనం చూడటం ఒక్కటే ఆగుతుంది.

సెవెన్ టూంబ్స్‌లో ఓ ఆదివారం

ఆ రోజుల్లోనే ఫ్రెండ్స్‌తో కుతుబ్‌షాహీ సమాధులకి వెళ్లా. మన ఆఫీసుల నుంచి గోల్కొండ వైపు పది కిలోమీటర్లే కదా. అక్కడ 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు పురావస్తు శాఖతో కలిసి చేసిన పునరుద్ధరణ పని 2024 జులైలో ముగిసింది. దాని గురించి చదివితే నా కథే కనిపించింది.

ఆ గుమ్మటాలు సున్నంతో కట్టినవి. ఇరవయ్యో శతాబ్దంలో రిపేర్ల పేరుతో వాటి మీద సిమెంటు పూశారు. పాత సున్నం తేమని పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. సిమెంటు పొర ఆ తేమని లోపలే బంధిస్తుంది. అందుకే పునరుద్ధరణలో మొదటి పని కొత్తది పూయడం కాలేదు. పాత అతుకుల సిమెంటంతా ఓపిగ్గా చెక్కి తీసేసి, ఆ తర్వాతే సంప్రదాయ పద్ధతిలో సున్నం వేశారు. గుమ్మటాలని కూల్చలేదు. వాటి మీది తప్పుడు పొరలని మార్చారు.

‘రిపేరా, కొత్తదా’ అన్న ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. ప్రశ్నే సగం తప్పు. ఏ పొరని ఉంచాలి, ఏ పొరని మార్చాలి అని అడగాలి.

అతుకా, మార్పా? మా ఇంజినీర్ లెక్క

మేడమ్ మాకు చెప్పిన లెక్క ఇది. మీ బిల్డింగ్‌కి మీ ఇంజినీరే చెప్పాలి. కానీ అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

లీకు ఎన్ని చోట్ల ఉంది? ఒకటి రెండు చోట్ల, కారణం స్పష్టంగా కనిపిస్తుంటే (పైపు చుట్టూ, బోల్టు రంధ్రం, మూల పగులు) అక్కడ సరిగా చేసిన అతుకు చాలు. దానికే డాబా మొత్తం తవ్వించడం డబ్బు దండగ.

సుత్తితో కొడితే డొల్ల చప్పుడు ఎంత మేర ఉంది? అక్కడక్కడా అయితే ఆ ముక్కలు తీసి మళ్లీ వేయొచ్చు. నాలుగు అడుగులకోసారి వినిపిస్తుంటే పై పొర మొత్తం తీసేయాల్సిందే.

ఇప్పటికే ఎన్ని పొరలున్నాయి? కోటింగ్ మీద కోటింగ్, దాని మీద సిమెంటు, దాని మీద టైల్స్ ఉంటే ఇంకోటి వేయొద్దు. ప్రతి పొరా స్లాబ్ మీద బరువే. పైగా కొత్త పొర పట్టు దాని కింది పొర పట్టుని మించదు.

నీళ్లు గొట్టం వైపు పోతున్నాయా? వాలు లేకపోతే ఎంత ఖరీదైన కెమికలైనా ఓడిపోతుంది. వాలు తప్పితే అతుకు కుదరదు, మళ్లీ వేయాల్సిందే.

సలాకల సంగతేంటి? పై తుప్పు బ్రష్‌తో రుద్దితే పోయి ఇనుము గట్టిగా ఉంటే బాగుచేయొచ్చు. సలాక సన్నబడిపోతే పక్కన కొత్త సలాక కట్టాలి. స్లాబ్ కిందికి వంగితే, బీముల్లో పగుళ్లుంటే ముందు గది ఖాళీ చేయాలి, కింద సపోర్టులు పెట్టాలి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి.

మా బిల్డింగ్ తీర్పు: పై పొర మొత్తం మార్పు. స్లాబ్ ఉంచొచ్చు. నా బెడ్‌రూమ్‌లో కొంత భాగం, ఎదురు ఫ్లాట్ బాల్కనీ కింది నుంచి రిపేరు. బీములు, పిల్లర్లు బాగున్నాయి.

అసోసియేషన్ మీటింగ్

అసలు యుద్ధం ఇక్కడ. వాట్సాప్ గ్రూప్‌లో రిపోర్ట్ పెడితే మొదటి రిప్లై: ‘ఇది టాప్ ఫ్లోర్ వాళ్ల ప్రాబ్లం కదా?’ దానికి మూడు థంబ్స్ అప్‌లు.

కోపమొచ్చింది. టైప్ చేసి, డిలీట్ చేసి, చట్టం చదివా. మన దగ్గర అపార్ట్‌మెంట్లకి 1987లో వచ్చిన చట్టం ఉంది. దాని ప్రకారం పునాదులు, పిల్లర్లు, పైకప్పు ఉమ్మడి భాగాలు. డాబా మీద బట్టలు ఆరేసుకునే హక్కు అందరిదైతే, దాని రిపేరు ఖర్చూ అందరిదే. అయితే మీ సేల్ డీడ్ ఓసారి చదువుకోండి, టెర్రస్ గురించి ఏం రాశారో చూసుకోండి. ఇక కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లకి ఇంకో ఆయుధం ఉంది. రెరా చట్టం సెక్షన్ 14(3). స్వాధీనం చేసిన అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. నోటి మాట వద్దు, ఫోటోలతో మెయిల్ పెట్టండి. మా బిల్డింగ్‌కి ఆ గడువు ఎప్పుడో దాటింది.

మీటింగ్‌లో చట్టం చదివి వినిపిస్తే ఎవరూ మెత్తబడలేదు. ఇంకా బిగుసుకున్నారు. అప్పుడు ఆ పెచ్చు తెచ్చి టేబుల్ మీద పెట్టా. దాని పక్కన లెక్క పెట్టా. డాబా 2,600 చదరపు అడుగులు, అడుగుకి 140 చొప్పున 3,64,000. కింది రిపేర్లు 1,10,000. ఇంజినీర్ ఫీజు 15,000. మొత్తం 4,89,000. పది ఫ్లాట్లకి పంచితే ఇంటికి 48,900. ‘నేనొక్కడినే అతుకులకి లక్షా వెయ్యి పెట్టా. నా వాటాకి రెండింతలు పైనే. లీకు ఆగలేదు’ అన్నా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి అంతస్తులో కర్రీ పాయింట్ నడిపే ఆంటీ ఆ పెచ్చు చేత్తో పట్టుకుని చూసింది. ‘నీళ్లు నీ ఇంట్లనే ఆగిపోతయా బాబూ? పిల్లర్లల్ల దిగితే నా కాడికి రావా? నా నెత్తి మీద నాలుగంతస్తులున్నయి’ అంది. ‘నేను రెండు విడతలల్ల కడతా.’

ఆవిడ అన్నాక మిగతావాళ్లు ఒక్కొక్కరూ తలూపారు. ఇద్దరు ఆర్నెల్లు టైమ్ అడిగారు. ఒకాయన ఇప్పటికీ పూర్తిగా ఇవ్వలేదు. ఆయనతో లిఫ్ట్‌లో గుడ్ మార్నింగ్ చెప్పుకుంటూనే ఉన్నాం. అపార్ట్‌మెంట్ అంటే అదీ.

పని జరిగిన తీరు

2025 మార్చిలో మొదలుపెట్టాం. వానలకి ముందు, కాంక్రీటు బాగా ఆరి ఉన్నప్పుడు చేయాలి. జూన్‌లో చినుకు పడ్డాక ఫోన్ చేస్తే రేటూ ఎక్కువ, పనీ తొందర తొందరగా చేస్తారు.

పాత పొరలని సుత్తి, ఉలితోనే తీశారు. పెద్ద బ్రేకర్ మెషిన్ పెడితే బలహీనమైన స్లాబ్ అదిరి ఇంకా పగులుతుందని మేడమ్ ఒప్పుకోలేదు. తీసిన చెత్త అక్కడే కుప్ప పోయకుండా ఏ రోజుది ఆ రోజు దించారు. నా గదిలో కింద జాకీలు పెట్టి, వదులుగా ఉన్న కాంక్రీటు సలాక వెనక దాకా చెక్కి, తుప్పు రుద్ది, సలాకలకి తుప్పు పట్టని ప్రైమర్ వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పొరలు పొరలుగా నింపారు. రెండు చోట్ల కొత్త సలాక కట్టారు.

పైన ముందు గొట్టం మూతులు కిందికి దించారు. పగుళ్లు నింపారు. పిట్టగోడ మూలలో గుండ్రంగా సిమెంటు పట్టీ కట్టారు, అక్కడ నీళ్లు నిలవకుండా. వాటర్‌ప్రూఫ్ పొరని పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించారు. అది ఆరాక నీళ్లు కట్టి పరీక్ష చేశారు, భాగం భాగంగా. ఆ తర్వాత వాలు: నూటికి ఒకటి, అంటే పది అడుగులకి అంగుళం కంటే కాస్త ఎక్కువ. చివర తెల్లటి టైల్స్. సోలార్ హీటర్‌కి బోల్టులు లేవు, సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టారు.

తెల్లటి టైల్స్ వల్ల మే నెలలో గది వేడి తగ్గింది, నాకే తేడా తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా. కానీ ఇక్కడో మోసం జరుగుతుంది. కూల్ రూఫ్ పెయింట్ వేరు, వాటర్‌ప్రూఫింగ్ వేరు. ‘రెండూ ఒకటే డబ్బాలో సార్’ అని ఎవరైనా అంటే, డబ్బా మీద రాసింది చదివి, ఆ ముక్క బిల్లు మీద రాసివ్వమనండి.

పని ఇచ్చేముందు

కొటేషన్‌లో ‘వాటర్‌ప్రూఫింగ్ – ఇంత’ అని ఒక్క లైన్ ఉంటే ఒప్పుకోవద్దు. ఏం తీస్తారు, ఏం వేస్తారు, ఎన్ని పొరలు, ఎంత మందం, నీళ్ల పరీక్ష ఎప్పుడు.. విడివిడిగా రాయించండి. ‘పదేళ్ల గ్యారంటీ’ ఎవరిదో అడగండి. డబ్బా తయారుచేసిన కంపెనీదా, పూసినతనిదా? డబ్బాకి గ్యారంటీ ఉండి పనికి లేకపోతే మీకు మిగిలేది డబ్బానే. మేం పది శాతం డబ్బు ఒక వానాకాలం దాటాకే ఇస్తామని ముందే రాసుకున్నాం. పని చేసేటప్పుడు రోజూ ఫోటోలు తీశా. టైల్స్ వేశాక కింద ఏముందో ఎవరికీ కనబడదు కదా.

అద్దెకుండేవాళ్లకి ఒక మాట. సీలింగ్ ఉబ్బినా, మట్టి రాలినా, తుప్పు రంగు మరక కనిపించినా ఆ కింద మంచం వేసుకోవద్దు. ఓనర్‌కి ఫోటో పంపండి. ‘మరేం కాదు, పాత మరక’ అంటే ఆ గది మార్చుకోండి, అవసరమైతే ఇల్లే మార్చుకోండి. అడ్వాన్స్ డబ్బుల కోసం నెత్తిని పణం పెట్టక్కర్లేదు.

2025 వానాకాలం మొదటి పెద్ద వాన రాత్రి నేను నిద్రపోలేదు. ఫ్లాష్‌లైట్ పట్టుకుని సీలింగ్ చూస్తూ కూర్చున్నా. ఫాల్స్ సీలింగ్ మళ్లీ వేయించలేదు. తెల్లారేదాకా ఒక్క చుక్క లేదు. ఆగస్టులో మాత్రం ట్యాంక్ పైపు దగ్గర చిన్న చెమ్మ కనిపించింది. మేస్త్రన్నకి ఫోన్ చేస్తే వచ్చి పైపు చుట్టూ మాత్రమే తవ్వి సరిచేశాడు. రెండు గంటల పని, 1,800 రూపాయలు. అతుకు అంటే అదీ. ఎక్కడ పోయిందో తెలిసి, అక్కడే వేసేది.

దసరాకి అమ్మ వచ్చింది. మంచం అదే చోట వేశా. పడుకునే ముందు పైకి చూసి, ‘ఇగ పడదు గదా?’ అంది.

‘పడదమ్మా. కానీ ఏటా మే నెలల పైకెక్కి చూడాలె’ అన్నా.

‘మీ బాపు పెంకలు సర్దించినట్టే’ అని అటు తిరిగి పడుకుంది.

ఈ ఆదివారం మీరూ ఓసారి డాబా ఎక్కండి. ఆకులు, పావురాల రెట్టలు, ఎవరో పడేసిన సంచులు గొట్టం మూతికి అడ్డం ఉంటే తీయండి. బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. సుత్తి లేకపోతే కొబ్బరికాయతో అయినా సరే, నేల మీద తట్టి వినండి. డొల్ల చప్పుడు వినిపిస్తే గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి. థంబ్స్ అప్‌లు రాకపోయినా పెట్టండి.